నాలుగు ఫ్లాస్కుల వేన్నీళ్ళు

నవంబరు 16, శనివారం

కార్తీక పౌర్ణమి నిన్నటితో అయింది. చలి ఇక ఆగదు. స్కూలు వాళ్ళు జనవరిలో ఇచ్చిన ఈ డైరీ ఇన్నాళ్ళూ ఫ్రిజ్ మీద దుమ్ము తింటోంది. ఈరోజు నుంచి దీనికి పని పెడుతున్నాను.

ఈయన దగ్గు పదిహేను రోజులైనా తగ్గలేదు. పొడి దగ్గు. పడుకుంటే ఎక్కువ, లేచి కూర్చుంటే తక్కువ. మెడికల్ షాపు సిరప్పు రెండు సీసాలు ఖాళీ అయ్యాయి, దగ్గు మాత్రం చెక్కు చెదరలేదు. అందుకని అటక మీంచి తాతయ్య నోట్‌బుక్ దింపాను. తణుకులో నలభై ఏళ్ళు ఆయుర్వేదం చేసిన మనిషి. ఆయన మనవరాలిని అయ్యుండి మొగుడి దగ్గు తగ్గించలేకపోతే సిగ్గుచేటు. మొదటి పదహారు పేజీలూ హేమంత ఋతుచర్య. చలికాలం ఎప్పుడు లేవాలి, ఏం తినాలి, ఏ నూనె రాసుకోవాలి. తర్వాతవన్నీ రోగాలు, వాటి లక్షణాలు. అవి మనకెందుకని మూసేశాను.

లేవగానే ఒంటికి నువ్వుల నూనె, అరగంట ఆగి సున్నిపిండితో వేడినీళ్ళ స్నానం. శొంఠి, మిరియాలు, తులసి వేసి కషాయం. అన్నంలో మొదటి ముద్దకు ఉప్పులో ఊరిన ఉసిరికాయ. సాయంత్రం వాము ఆవిరి. పడుకునే ముందు పాదాలకు గోరువెచ్చని నూనె. చన్నీళ్ళ మాటే లేదు, రోజుకు నాలుగు ఫ్లాస్కుల వేన్నీళ్ళు. రెండు ఇంట్లో, రెండు ఈయన పనిచేసే ఫ్యాక్టరీలో.

"చంద్రా, నేనేమన్నా ఆవకాయ జాడీనా, ఇంత నూనె పోస్తున్నావు?" అన్నారు ఈయన, నడుం మీద తువ్వాలుతో బాల్కనీలో కూర్చుని.

"జాడీ అయితే నోరు మూసుకుని కూర్చునేది," అన్నాను.

నవ్వారు. నవ్వు మధ్యలో దగ్గొచ్చింది.

నవంబరు 20, బుధవారం

నూనె, కషాయం, ఉసిరికాయ, నాలుగు ఫ్లాస్కులు. అన్నీ సక్రమంగా.

ఏడో తరగతి వ్యాసాలు దిద్దాను. "మా తాత దవాఖానకు పోయిండు" అని రాశాడొకడు. "ఆసుపత్రికి వెళ్ళాడు" అని ఎర్ర సిరాతో దిద్దాను. ఉప్పల్‌లో పాతికేళ్ళుగా ఇదే పని. ఏటా అవే మాటలు, అదే ఎర్ర సిరా.

దగ్గు అలాగే ఉంది. సాయంత్రం కాగానే ఫ్యాక్టరీల వైపు నుంచి ఆ ఘాటు వాసన మొదలవుతుంది. నాచారం గాలి పీలుస్తూ ఉంటే తాతయ్య మాత్రం ఏం చేస్తారు!

నవంబరు 24, ఆదివారం

ఘట్‌కేసర్ హాస్టల్ నుంచి ప్రజ్ఞ వచ్చింది. గుమ్మంలోనే, "అమ్మా, నాన్న మొహం ఏంటి ఇలా ఉబ్బింది?" అంది.

"ఉబ్బడం కాదు, ఒళ్ళు చేశారు. నూనె, నువ్వుండలు పడుతున్నాయి కదా," అన్నాను. బరువు చూశాం. మూడు కిలోలు పెరిగారు. వారం రోజుల్లో మూడు కిలోలు! తాతయ్య రాశారు కదా, హేమంతంలో జఠరాగ్ని బలంగా ఉంటుందని.

ప్రజ్ఞ ఆ అంకె ఇంకోసారి వంగి చూసింది. వెళ్ళేటప్పుడు మాత్రం, "ఒకసారి డాక్టరుకి చూపించమ్మా," అంది. దగ్గుకి కూడా డాక్టరైతే ఇక ఇంట్లో ఆడవాళ్ళెందుకు?

నవంబరు 27, బుధవారం



సారలమ్మ మా అపార్ట్‌మెంట్ మెట్లు ఊడుస్తుంది. జనగామ మనిషి. మాకు లిఫ్ట్ లేదు కాబట్టి ఎవరు ఎక్కినా దిగినా ఆవిడ కళ్ళ ముందే. పొద్దున నేను స్కూలుకి దిగుతుంటే చీపురు పక్కన పెట్టి, మెల్లగా అంది. "అమ్మా, ఏమనుకోకు. సారు రోజూ మెట్ల మీద కూసొని దమ్ము గుంజుతుండు. చూస్తే మంచిగ లేదు."

 ఆరేళ్ళ క్రితం, ప్రజ్ఞ తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసి మానేసిన సిగరెట్ అది. ఆరేళ్ళు! నేను ఇక్కడ శొంఠి దంచుకుంటూ, తులసాకులు కోసుకుంటూ చస్తున్నాను. ఆ మనిషి మెట్ల మీద కూర్చుని దమ్ము లాగుతున్నారు.

దగ్గు ఎందుకు తగ్గడం లేదో ఇప్పుడు తెలిసింది.

నవంబరు 28, గురువారం

అడగలేదు. చొక్కా వాసన చూశాను. ఏమీ లేదు. జేబులో పుదీనా బిళ్ళలు దొరికాయి. వాసన రాకుండా అన్నమాట.

నవంబరు 30, శనివారం

ఉండబట్టలేక అడిగేశాను. ఈయన ఫ్యాక్టరీ నుంచి వచ్చి తలుపు బయటే నిలబడ్డారు. ఈ మధ్య అంతే, వచ్చాక రెండు మూడు నిమిషాలు ఆగి గాని బెల్ కొట్టరు. నీడ తలుపు కింద నుంచి కనపడుతూనే ఉంటుంది. నేనే తలుపు తీశాను.

"వాసన పోయేదాకా నిలబడ్డారా?"

"ఏం వాసన?"

"నాకన్నీ తెలుసు. మెట్ల మీద ఏం చేస్తున్నారో చూసినవాళ్ళు ఉన్నారు."

మొహం పాలిపోయింది. తప్పు చేసినవాడి మొహంలాగే ఉంది. "ఎవరు చెప్పారు?" అన్నారు ముందు. ఆ మాటతోనే దొరికిపోయారు. తర్వాత, "కంగారు పడతావని చెప్పలేదు చంద్రా. పెద్ద విషయం కాదు, తగ్గిపోతుంది," అన్నారు.

"తగ్గడం కాదు, మానెయ్యాలి. సిగరెట్ ముట్టనని పిల్ల తల మీద ఒట్టేశారు."

"సిగరెట్టా? నేను కాల్చలేదు," అన్నారు. ఇంకేదో చెప్పబోయారు, దగ్గొచ్చింది. ఆ దగ్గు ఆగేలోపు నేను వంటింట్లోకి వచ్చి గిన్నెలు గట్టిగా కడగడం మొదలుపెట్టాను. ఇంకేమీ వినదలచుకోలేదు.

డిసెంబరు 2, సోమవారం

అన్యాయంగా అనుమానించానేమో అని నాకే అనిపించి సారలమ్మని మళ్ళీ అడిగాను.

"రోజూనా?"

"రోజూనమ్మా. మొదాలు మూడో అంతస్తు కాడనే ఉండె. ఇప్పుడు ఒక్కో అంతస్తు కాడ ఒక్కపారి."

"అంతస్తుకొకటా!"

"అవునమ్మా. జరసేపు గుంజుకొని లేస్తడు, మళ్ళ పైకి పోయి కూసుంటడు."

"నువ్వు ఏమీ అనలేదా?"

"అన్న. నీళ్ళు తెస్తనంటే వద్దన్నడు. అమ్మకు చెప్పకు, ఫికర్ జేస్తది అన్నడు."

చెప్పొద్దని కూడా అన్నారు! మూడు అంతస్తులకు మూడు, రోజుకు రెండుసార్లు ఎక్కితే ఆరు. ఊళ్ళో అందరికీ తెలుసు, కట్టుకున్నదానికి తప్ప. సారలమ్మ ముందు తలెత్తుకోలేకపోయాను. "మా ఇంటి సంగతి ఇక ఎవరి దగ్గరా ఎత్తకు," అని కసిరాను. పాపం, ఆవిడ చీపురు పట్టుకుని అలాగే చూస్తూ నిలబడింది.

డిసెంబరు 5, గురువారం

మాటలు లేవు. కానీ నూనె మానలేదు, కషాయం మానలేదు. నా కోపం నాది, ఆయన ఒళ్ళు నాది.

పాదాలకు నూనె రాస్తుంటే ఒకటి గమనించాను. చీలమండ దగ్గర బొటనవేలితో నొక్కితే నా వేలి గుర్తు గుంటలా పడి కాసేపు అలాగే ఉంటోంది. చర్మం మెత్తబడింది, నూనె బాగా ఇంకుతోంది. ఇరవై రోజుల పని ఊరికే పోలేదు. దగ్గు ఒక్కటే నా చేతిలో లేదు. అది ఆయన చేతిలో ఉంది, ఆ రెండు వేళ్ళ మధ్య.

డిసెంబరు 8, ఆదివారం

మూడు రోజుల నుంచి ఈయన హాల్లో పడక్కుర్చీలో పడుకుంటున్నారు. పొద్దున లేచి చూస్తే శాలువా కప్పుకుని, కూర్చునే నిద్రపోతూ ఉంటారు. అలక. యాభై నాలుగేళ్ళు వచ్చినా అలక! తప్పు ఆయనది, అలక కూడా ఆయనదే. నేను పిలవలేదు. పిలుస్తాననుకుంటున్నారేమో.

ప్రజ్ఞ వచ్చింది. కుర్చీ చూసింది, నన్ను చూసింది. "అమ్మా, హాస్పిటల్‌కి వెళ్దాం, ఈరోజే," అంది. "ముందు సిగరెట్ మానమను, హాస్పిటల్ తర్వాత," అన్నాను. అది వాళ్ళ నాన్న వైపు తిరిగింది. ఈయన చెయ్యి అడ్డంగా ఊపి, "మీ అమ్మతో ఎందుకమ్మా, చలి తగ్గితే నాకూ తగ్గుతుంది," అన్నారు. మాట్లాడుతూ మధ్యలో రెండుసార్లు ఆగారు. అబద్ధం చెప్పేవాళ్ళకు అలా మాట తడబడుతుంది.

అది ఏడుస్తూ బస్సెక్కింది. నాకూ ఏడుపొచ్చింది. ఈ ఇంట్లో నా మాట వినేవాళ్ళు లేరు, ఏం చేయను?

డిసెంబరు 11, బుధవారం

చెప్పులు పట్టడం లేదన్నారు. చలికి పాదాలు పొంగుతాయి. ఒక సైజు పెద్దవి తెచ్చాను.

డిసెంబరు 14, శనివారం

చలి బాగా ముదిరింది. కషాయంలో పిప్పళ్ళు కూడా కలిపాను. ఫ్లాస్కులు నాలుగూ నింపాను.

సాయంత్రం మూడో ఫ్లాస్కు పోసి ఇస్తే, "ఇక చాలు చంద్రా. లోపల పట్టడం లేదు," అన్నారు. చాలా రోజుల తర్వాత నన్ను పేరు పెట్టి పిలిచారు. కరిగిపోయేదాన్నే. కానీ లొంగితే మళ్ళీ మొదటికే వస్తుంది కదా.

"పొగ తాగడానికి పడుతుంది గాని నీళ్ళు పట్టవా?" అన్నాను.

గ్లాసు తీసుకున్నారు. మొత్తం తాగారు. గ్లాసు కింద పెట్టి, నోరు తుడుచుకుని, "సరేనా?" అన్నారు.

సరే అన్నాను.

డిసెంబరు 16, సోమవారం

ఉప్పల్ ఆసుపత్రి. ఐసీయూ బయట.

డిసెంబరు 17, మంగళవారం

రాయాలి. రాయకపోతే పిచ్చెక్కుతుంది.

నిన్న పొద్దున ఫ్యాక్టరీకని దిగారు. మూడు మెట్లు కూడా దిగి ఉండరు, సారలమ్మ కేక వినపడింది. "అమ్మా, సారు!" పరుగెత్తాను. గోడకు ఆనుకుని, నోరు తెరిచి, గాలి కోసం మెడ ముందుకు చాచి కూర్చున్నారు. పెదవులు నల్లబడ్డాయి. దగ్గుతుంటే నురగ వస్తోంది. సారలమ్మ నిమిషంలో నలుగురిని పోగు చేసింది. అదే పడక్కుర్చీలో కూర్చోబెట్టి మూడంతస్తులూ దింపారు. నేను ఫ్లాస్కు పట్టుకుని వెనక దిగాను. ఎందుకు పట్టుకున్నానో తెలియదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మా ప్రజ్ఞ కన్నా నాలుగైదేళ్ళు పెద్దది ఉంటుందేమో. మాస్కు పెట్టించింది, ఏవో ఇంజెక్షన్లు ఇప్పించింది. దుప్పటి తీసి ఈయన చీలమండ మీద బొటనవేలితో నొక్కింది. నేను నొక్కే చోటే. గుంట పడింది. దాని వైపే చూస్తూ నిలబడి, "ఇది ఎన్ని రోజుల నుంచి?" అంది.

"తెలియదు," అన్నాను.

"ఆయాసం?"

"నాలుగు రోజుల నుంచి."

"సిగరెట్లు?"

"రోజుకు ఆరు."

ఈయన మాస్కులోంచి నా వైపు చూశారు.  తల ఒక్కటే అడ్డంగా ఊపారు. మళ్ళీ ఊపారు. నేను డాక్టరమ్మ వైపు తిరిగి, "అబద్ధం చెబుతారు, నమ్మకండి," అన్నాను.

ఆ మాట ఈ చేత్తో రాయాల్సి వచ్చింది.

గుండె బలహీనపడిందట. రక్తాన్ని సరిగా తోయలేకపోతోందట. ఒంట్లో నీరు కాళ్ళల్లో, మొహంలో, చివరికి ఊపిరితిత్తుల్లో చేరిందట. "నీళ్ళు, ఉప్పు బాగా తీసుకునేవారా?" అని అడిగింది. ఫ్లాస్కు నా చేతిలోనే ఉంది. వెనక్కి పెట్టుకున్నాను.

ఈరోజు మధ్యాహ్నం సారలమ్మ వచ్చింది. పని మానుకుని, రెండు ఆటోలు మారి, ప్లాస్టిక్ కవర్లో బత్తాయిలు పట్టుకుని వచ్చింది. బెంచీ మీద నా పక్కన కూర్చోకుండా కింద కూర్చోబోయింది. రెక్క పట్టుకుని పైకి లాగాను.

"ఎట్లుండమ్మా సారు? దమ్ము తగ్గిందా?"

నాకు ఒళ్ళు మండింది. ఇప్పుడు కూడానా! "ఐసీయూలో సిగరెట్ ఎవరిస్తారు సారలమ్మా?"

ఆవిడకు అర్థం కాలేదు. "సిగరెట్ ఎందుకమ్మా? సారు సిగరెట్ తాగంగ నేనెన్నడు చూడలే."

"మరి దమ్ము గుంజుతున్నాడని నువ్వే కదా చెప్పావు!"

"అయ్యో, దమ్మంటే ఊపిరమ్మా. ఎక్కలేక ఆగి ఊపిరి గుంజుకుంటుండు అని చెప్పిన. మా అన్నకు గట్లనే దమ్మొచ్చి పాణం పోయింది. అందుకే భయమైంది నాకు. నేను చెప్పిన గదమ్మా, మంచిగ లేదని?"

చెప్పింది. రెండుసార్లు చెప్పింది. నేను రెండోసారి కసిరాను.

డిసెంబరు 18, బుధవారం

పాతికేళ్ళుగా ఈ ఊళ్ళో తెలుగు చెబుతున్నాను. ఎంతమంది పిల్లల మాటల మీద ఎర్ర గీతలు గీశానో లెక్కలేదు. దమ్ము అనే ఒక్క మాట నాకు తెలియలేదు. తెలియకపోవడం కూడా కాదు, అడగలేదు. నాకు ఏం వినాలని ఉందో అదే విన్నాను.

ఈ డైరీ మొదటి నుంచి చదివాను. అన్నీ ఇందులోనే ఉన్నాయి. పడుకుంటే దగ్గు, కూర్చుంటే తక్కువ. మొహం ఉబ్బు. మూడు కిలోలు. తలుపు బయట నిలబడ్డ నీడ. గుంట. కుర్చీ. చెప్పులు. అన్నీ నా కళ్ళతో చూసి, నా చేత్తో తేదీ వేసి రాసుకున్నాను. రాసి, ప్రతిదానికీ పక్కన ఒక కారణం పెట్టాను.

తర్వాత ఇంటికి వెళ్ళినప్పుడు తాతయ్య నోట్‌బుక్ తెరిచాను. ఋతుచర్య దాటి, నేను మూసేసిన చోట నుంచి. ముప్పై ఒకటో పేజీలో ఉంది. "పాదములు వాచి, వ్రేలితో నొక్కిన గుంట పడి, పరుండిన దగ్గు హెచ్చి, కూర్చుండిన తగ్గినచో అది జలుబు గాదు. తైలములతోడను, కషాయములతోడను కాలము గడపరాదు. తక్షణమే పెద్ద డాక్టరుకు చూపవలెను." కింద ఎర్ర సిరాతో గీత కూడా గీశారు.

వేన్నీళ్ళు తాగాలని పదకొండో పేజీలో రాశారు. నాలుగు ఫ్లాస్కులని ఎక్కడా రాయలేదు. అది నేను కలిపింది.

డిసెంబరు 19, గురువారం

డాక్టరమ్మకు డైరీ ఇచ్చాను. "నేను చెప్పిన తేదీలు తప్పు. ఇవి అసలువి," అన్నాను. సిగరెట్ మాట కొట్టెయ్యమన్నాను. ఆవిడ నిలబడే నాలుగు పేజీలు చదివింది. మొహంలో ఏమీ కనపడలేదు. "నెల ముందు తెచ్చి ఉంటే..." అని మొదలుపెట్టి, నా మొహం చూసి, మిగతాది చెప్పలేదు.

ప్రజ్ఞ కూడా ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

డిసెంబరు 21, శనివారం

వార్డుకు మార్చారు. గుండె ముప్పై శాతమే పనిచేస్తోందట. ఇంకా తేరుకుంటుందా అంటే, చూద్దాం అంటారు. పొద్దున చూద్దాం, సాయంత్రం చూద్దాం.

రోజుకు ఒక లీటరు నీళ్ళే ఇవ్వాలి. మందులకు, మజ్జిగకు, అన్నిటికీ కలిపి. నేను గ్లాసు మీద పెన్నుతో గీత గీసి పోస్తున్నాను. ఈయనకు నాలుక పిడచగట్టుకుపోతోంది. మధ్యాహ్నం మాస్కు పక్కకు జరిపి, "చంద్రా, ఒక్క గుక్క," అన్నారు.

"వద్దండీ. గీత దాటకూడదన్నారు."

 "వద్దన్నప్పుడు పోశావు. కావాలంటే పోయవు," అన్నారు. తిట్టలేదు. నవ్వబోయారు కూడా. నేను కాళ్ళ దగ్గరికి వెళ్ళి మొహం అటు తిప్పుకుని నిలబడ్డాను.

"సిగరెట్ కాదని గట్టిగా చెప్పొచ్చు కదా మీరు! ఆయాసం అని ఒక్క మాట చెప్పొచ్చు కదా!" అన్నాను, అటు తిరిగే.

"మా నాన్న ఇలాగే పోయాడు చంద్రా. ఆ మాట పైకి అంటే నిజమవుతుందేమోనని... సిగరెట్ అనుకుంటే అనుకోనీలే అనిపించింది."

ముప్పై ఏళ్ళ కాపురం. ఇద్దరం ఒకే భయానికి చెరో పేరు పెట్టుకుని కూర్చున్నాం.

డిసెంబరు 23, సోమవారం

కాళ్ళకు నూనె రాయమన్నారు. వద్దన్నాను. ఊరికే చెయ్యి వేసి ఉంచమన్నారు. వేసి కూర్చున్నాను.

నొక్కిన గుంట ఎంతసేపటికి పూడుతుందో రోజూ చూస్తుంటామని డాక్టరమ్మ చెప్పింది. త్వరగా పూడితే నీరు తగ్గుతున్నట్టు. నేనూ చూస్తున్నాను. బొటనవేలితో మెల్లగా నొక్కి, తీసి, మనసులో అంకెలు లెక్కపెడతాను. శనివారం పద్నాలుగు. నిన్న పది. ఈరోజు ఏడు.

ఇంకేమీ నా చేతిలో లేదు. సారలమ్మ ఫోన్ చేసింది. "దమ్ము ఎట్లుందమ్మా?" అంది. "కూర్చుంటే ఫర్వాలేదు. పడుకుంటే దమ్మొస్తోంది," అన్నాను. ఆ మాట నా నోట అదే మొదటిసారి.

డిసెంబరు 24, మంగళవారం

నిన్న ఏడు. ఈరోజు తొమ్మిది.

చలికి అని రాయబోయి, పెన్ను ఆపాను.